గునుగు తెల్లగుంటది గదా, మండుడేంది?

ప్రశ్న: నేను హనుమకొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఈసారి బతుకమ్మ సెలవులకు ముందు పిల్లలతో పూల ప్రదర్శన పెట్టిద్దామనుకున్నాం. ప్రతి పువ్వు పక్కన తెలుగు పేరు, శాస్త్రీయ నామం, దాని అర్థం రాయాలని నిర్ణయం. గునుగు దగ్గరే ఆగిపోయాం. సెలోసియా అర్జెంటియా అని రాయించి, సెలోసియా అంటే మండేది, అర్జెంటియా అంటే వెండిలాంటిది అని చెప్పాను. ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "టీచర్, గునుగు తెల్లగుంటది గదా, మండుడేంది?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. తంగేడుకు పాత పుస్తకంలో కాసియా ఆరిక్యులేటా అని ఉంది, ఫోన్‌లో చూస్తే సెన్నా ఆరిక్యులేటా అని వస్తోంది. ఏది రాయాలి? మోదుగకు బ్యూటియా అనే పేరు ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. పైగా మా తోటి టీచర్ ఒకరు, మన పూలకు మన పేర్లు చాలవా, పిల్లలతో ఈ లాటిన్ బట్టీ పట్టించుడెందుకు అంటున్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉందనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

టీచర్ గారూ,

ముందు ఆ అమ్మాయి ప్రశ్నను ఆమె అడిగిన మాటల్లోనే ఒక అట్ట మీద రాయించి గునుగు పక్కన పెట్టండి. పుస్తకంలో ఉంది కాబట్టి రాసుకుని ఊరుకోకుండా, పేరునూ పువ్వునూ పక్కపక్కన పెట్టి చూసి రెండూ కుదరడం లేదని పట్టుకుంది ఆ పిల్ల. మీ ప్రదర్శనకు అంతకన్నా మంచి ఆరంభం దొరకదు.

శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతిది, రెండోది జాతిది. మనం ఇంటిపేరు ముందు రాసి, సొంత పేరు తరవాత రాసినట్టే ఇదీనూ. ఇంటిపేరు ఆ ఇంట్లో అందరిదీ. ఆ పేరు ఏ గుణం వల్ల వచ్చిందో ఆ గుణం ప్రతి ఒక్కరిలోనూ కనపడాలని లేదు. సెలోసియా అనే ఇంట్లో మన గునుగు ఒక్కటే లేదు. సీతమ్మ జడ అనీ, కోడిజుట్టు పువ్వు అనీ పిలిచే ఎర్రటి పువ్వు కూడా అదే ఇంటిది. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో అచ్చు వేయించిన ‘స్పీసీస్ ప్లాంటారమ్’ పుస్తకంలో సెలోసియా అర్జెంటియాతో పాటు సెలోసియా క్రిస్టాటా కూడా ఉంది. క్రిస్టాటా అంటే తల మీద జుట్టు ఉన్నది. మనవాళ్లు కోడిజుట్టు అన్నదీ, ఆయన క్రిస్టాటా అన్నదీ ఒకే పోలికను చూసి. ఒకరి మాట ఒకరు వినకుండానే ఇద్దరికీ అదే తోచింది! సీతమ్మ జడ మన గునుగు నుంచి తోటల్లో పెంపకంతో వచ్చిన రూపమేనని తరవాతి శాస్త్రవేత్తలు చాలామంది తేల్చారు.

ఇప్పుడు మంట సంగతి. సెలోసియాకు మూలంగా చెప్పే గ్రీకు మాట కీలియోస్. ప్రాచీన గ్రీకు కావ్యాల్లో భగభగ మండే నిప్పుకు వాడిన విశేషణం అది. దీనికి రెండు వివరణలు చెబుతారు. ఈ ప్రజాతిలోని ఎర్ర, పసుపు పూల గుత్తులు మంట నాలుకల్లా పైకి లేచి ఉంటాయి కాబట్టి ఆ పేరు అని ఒకటి. పూలు నిప్పు సెగ తగిలి ఎండిపోయినట్టు, కాలినట్టు ఉంటాయి కాబట్టి అని రెండోది. మొదటిది సీతమ్మ జడకు సరిపోతుంది, మీ విద్యార్థిని సందేహాన్ని తీర్చదు. రెండోదే గునుగుకు సరిగ్గా సరిపోతుందని నాకనిపిస్తుంది. దీనికి సాక్ష్యం మీ పిల్లల చేతుల్లోనే ఉంది.

ఒక గునుగు కంకిని వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నలపమనండి. అప్పుడే చేను నుంచి కోసి తెచ్చినా గరగరలాడుతుంది. తడి తగలదు. మందారంలోనో గుమ్మడి పువ్వులోనో ఉండే మెత్తదనం ఇందులో వెతికినా దొరకదు. కారణం దాని నిర్మాణం. గునుగు పువ్వుకు రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు అని విడివిడిగా ఉండవు. ఐదే రేకులు, వాటిని పరిపత్రాలు అంటాం. అవి పలచని కాగితం పొరల్లా, నీరు లేకుండా, మొక్క మీద ఉండగానే ఎండినట్టు ఉంటాయి. కంకి అంటే అలాంటి చిన్న చిన్న పూలు వందల కొద్దీ దగ్గర దగ్గరగా పేర్చుకున్న గుత్తి.

ఆ పొడితనం వల్లే గునుగు బతుకమ్మకు ఆధారమైంది. కోసిన గునుగును కట్టలు కట్టి, కొసలు సమంగా కత్తిరించి, గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ముంచి ఆరబెడతారు కదా! నీళ్లున్న పువ్వును అలా రంగులో ముంచితే గంటలో నల్లబడి చితికిపోతుంది. గునుగు రంగు పీల్చుకుని, ఆరి, నిటారుగా నిలబడుతుంది. సద్దుల బతుకమ్మకు రెండు మూడు రోజుల ముందే తెచ్చి పెట్టుకున్నా వాడదు. ఎన్ని వరసలు పేర్చినా కిందివి పైవాటి బరువుకు నలిగిపోవు. వేయిస్తంభాల గుడి దగ్గర తల ఎత్తు బతుకమ్మలు నిలబడుతున్నాయంటే ఆ కాగితం పొరల చలవే. కాలినట్టుంది అని ఎక్కడో పేరు పెట్టినవాళ్లూ, రంగు వేస్తే నిలుస్తుంది అని కనిపెట్టిన మన ఆడవాళ్లూ చూసింది ఈ ఒక్క గుణాన్నే. ఆ అమ్మాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ఆమె ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఎప్పటి నుంచో చేస్తున్న పనిలో ఈ పేరుకు అర్థం ఉంది.

దీనికి ఇంకో బలం కూడా ఉంది. గునుగు కుటుంబం పేరు అమరాంథేసి, తోటకూరదీ అదే కుటుంబం. ఆ పేరు గ్రీకులో అమరాంటోస్ అనే మాట నుంచి వచ్చింది. వాడనిది అని అర్థం. అంటే కుటుంబం పేరులో వాడకపోవడం, ప్రజాతి పేరులో ఎండినట్టుండడం, జాతి పేరులో వెండి. మూడూ గునుగు కంకి మీదే కనిపిస్తాయి.

వెండి విషయంలోనూ ఒక మెలిక ఉంది. గునుగు మొత్తం తెల్లగా ఉండదు. లేత కంకి కొన గులాబీ రంగులో ఉంటుంది. పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి, విచ్చుకుని ముదిరిన భాగం తెల్లబడి మెరుస్తుంది. కాబట్టి ఒకే కంకి మీద పైన గులాబీ, కింద వెండి కనిపిస్తాయి. లేత కంకి, సగం ముదిరింది, పూర్తిగా ముదిరింది మూడూ తెప్పించి వరసగా పెట్టండి. ముదిరిన దాన్ని తెల్ల కాగితం మీద దులిపితే నల్లగా నిగనిగలాడే చిన్న గింజలు రాలతాయి. భూతద్దం ఉంటే కాయను చూపించండి, మీది భాగం మూతలా ఊడి వస్తుంది. పక్కనే తోటకూర గింజలు పెట్టండి. రెండూ ఒక కుటుంబం అని మీరు చెప్పే పని ఉండదు.

ఈ మొక్క మన రైతుకు కలుపు అన్న మాట కూడా ప్రదర్శనలో ఉండాలి. పత్తిలో, పెసరలో, పసుపులో గునుగు లేస్తే పీకి పారేస్తారు. గడ్డి మందు కొట్టిన చేలల్లో అది కనపడదు. పిల్లలు ఏ చేను నుంచి తెచ్చారో, ఎంత దూరం పోవాల్సి వచ్చిందో ఒక వరసలో రాయించండి. నాలుగైదేళ్లు వరసగా రాస్తే మీ ఊళ్లో గునుగు ఎటు పోతోందో మీ బడి దగ్గర లెక్క ఉంటుంది.

ఇక తంగేడు. సెన్నా ఆరిక్యులేటా అని రాయించండి. పాత పుస్తకం తప్పు కాదు, అప్పటికి అదే వాడుక. లిన్నేయస్ 1753లో తంగేడును కాసియా ప్రజాతిలో పెట్టాడు. రేల కూడా అందులోనే ఉండేది. ఆ ప్రజాతి పెరిగి పెరిగి వందల జాతులతో కిక్కిరిసిపోయింది. 1982లో అమెరికాకు చెందిన హోవార్డ్ ఇర్విన్, రూపర్ట్ బార్నెబీ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించి మూడు ప్రజాతులుగా విడదీశారు. రేల కాసియాలో ఉండిపోయింది, తంగేడు సెన్నాకు వెళ్లింది. ఇంటిపేరు మారినా సొంత పేరు మారలేదు చూడండి, ఆరిక్యులేటా అలాగే ఉంది. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. సెన్నా ఆరిక్యులేటా అనే జంట పేరు కొత్తది కానే కాదు. విలియం రాక్స్‌బర్గ్ రాసిన ‘ఫ్లోరా ఇండికా’ ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది, అందులోనే ఆ పేరుంది. నూట యాభై ఏళ్ల తరవాత లోకం మళ్లీ దాని దగ్గరికే వచ్చింది. శాస్త్ర గ్రంథాల్లో తంగేడు పేరు పక్కన బ్రాకెట్లో ఎల్., దాని తరవాత రాక్స్‌బ్. అని కనిపించేది ఇందుకే. మొదట పేరు పెట్టింది లిన్నేయస్, ఈ ప్రజాతిలోకి తెచ్చింది రాక్స్‌బర్గ్ అని దాని భావం.

విడదీయడానికి కారణాన్ని పిల్లలకు పువ్వులోనే చూపించవచ్చు, కాకపోతే రేల పూసే దాకా ఆగాలి. ఎండాకాలంలో రేల పువ్వును తీసుకుని చూస్తే మూడు కేసరాల కాడలు మిగతావాటికన్నా బాగా పొడుగ్గా, కొక్కెంలా వంగి బయటికి వస్తాయి. తంగేడులో అంత పొడుగు కాడలు ఉండవు. కాయలు మాత్రం ఇప్పుడే చూపించవచ్చు. రేల కాయ గుండ్రటి నల్లని గొట్టం. రేల పేరు కాసియా ఫిస్టులా, ఫిస్టులా అంటే గొట్టమే. తంగేడు కాయ బల్లపరుపుగా, పలచగా ఉంటుంది.

ఆరిక్యులేటా అంటే చిన్న చెవులున్నది. ఈ పేరు పిల్లలకు చెప్పగానే అందరూ పువ్వులో చెవుల కోసం వెతుకుతారు. దొరకవు. కొమ్మ తెప్పించండి. ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట, రెండు వైపులా చెవి తమ్మెల్లాంటి గుండ్రటి చిన్న ఆకులుంటాయి. మీ పాఠంలో వచ్చే పత్రపుచ్ఛాలు ఇవే. చాలా మొక్కల్లో అవి సన్నగా ఉండి త్వరగా రాలిపోతాయి, తంగేడులో పెద్దగా ఉండి ఆకుతో పాటే నిలుస్తాయి. బతుకమ్మకు పువ్వు తెంపుకొచ్చేవాళ్లం కాబట్టి పువ్వును బాగా చూశాం. తంగేడు 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది కూడా. కానీ లిన్నేయస్ చూపు పసుపు రంగు మీద నిలవలేదు, ఆకు మొదట్లో ఉన్న చెవుల మీద నిలిచింది. పసుపు పూలు ఆ ప్రజాతిలో ఎన్నిటికో ఉన్నాయి, ఈ చెవులే దీన్ని వేరుగా పట్టిస్తాయి.

సెన్నా, కాసియా మాటలకు అర్థం కోసం ఎక్కువ శ్రమ పడొద్దు. సెన్నా అరబ్బీలోని సనా నుంచి వచ్చింది. మన పచారీ కొట్టులో సునాముఖి పేరుతో అమ్మే విరేచనాల ఆకుకు అరబ్బుల పేరు అది. ఆ సునాముఖినే మనవాళ్లు నేల తంగేడు అంటారు. కాసియా అనేది ఒక సువాసన బెరడుకు గ్రీకులు వాడిన మాట. తంగేడు బెరడు తోళ్లు పదును పెట్టడానికి తరతరాలుగా పనికొచ్చింది, ఆ సంగతి మాత్రం ఏ పేరులోనూ లేదు. మీ అట్ట మీద మీరు రాయండి.

మోదుగ విషయంలో మీకు అర్థం దొరకకపోవడం సహజం. బ్యూటియా అనే మాట ఆ చెట్టు గురించి ఏమీ చెప్పదు. బ్యూట్ ప్రభువు జాన్ స్టువర్ట్ గౌరవార్థం పెట్టిన పేరది. ఆయన 1762, 63లలో బ్రిటన్ ప్రధానమంత్రి. వృక్షశాస్త్రం అంటే ఇష్టపడి, లండన్ దగ్గరి క్యూ తోటల ఎదుగుదలకు సాయపడ్డాడు. మంచివాడే కావచ్చు. కానీ మాఘంలో మేడారం తొవ్వ పొడుగునా ఆకు లేకుండా ఎర్రగా విరగబూసే చెట్టుకు, హోలీకి రంగు ఇచ్చే చెట్టుకు, ఎన్ని పెళ్లిళ్లలోనో విస్తరి అయిన చెట్టుకు ఆ పేరు పెట్టడం నాకు బాధగానే ఉంటుంది. మండే గుణం పేరు గునుగుకు పోయింది, నిజంగా మంటలా కనిపించే మోదుగకు ప్రధానమంత్రి పేరు వచ్చింది. రాక్స్‌బర్గ్ దానికి బ్యూటియా ఫ్రాండోసా అని రెండో మాట చేర్చాడు. ఫ్రాండోసా అంటే ఆకులు దట్టంగా ఉన్నది. అంతకు ముందే ఫ్రాన్స్ శాస్త్రవేత్త లామార్క్ అదే చెట్టుకు మోనోస్పెర్మా అనే మాట వాడి ఉన్నాడు. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది నియమం కాబట్టి చివరికి బ్యూటియా మోనోస్పెర్మా నిలిచింది. అది మేలే అయింది. మోనోస్పెర్మా అంటే ఒకే గింజ ఉన్నది. మోదుగ కాయ చిక్కుడు కుటుంబానిదే అయినా, పొడుగాటి కాయలో కొసన ఒక్క గింజ మాత్రమే ఉంటుంది. మిగతా భాగమంతా గాలికి ఎగిరే రెక్కలా పనిచేస్తుంది.

ఒక సలహా. బతుకమ్మ నాటికి మోదుగ పువ్వు ఉండదు. ఆకులు పెట్టి ఊరుకుంటే ఆ పేరు సంగతి పిల్లలకు అందదు. మోదుగ అట్టను హోలీ దాకా దాచి, ఆ తరవాత ఎండాకాలంలో కాయలు రాలినప్పుడు ఏరించి కలపండి.

మిగతా పూలవి త్వరగా చెబుతాను. బంతి పేరు టాజిటీస్ ఎరెక్టా. టాజిస్ అనే దేవుడి పేరు మీద వచ్చిందంటారు. ప్రాచీన ఇటలీలో ఎట్రుస్కన్ల కథల్లో ఆయన దున్నుతున్న చాలులోంచి బాలుడి రూపంలో పుట్టుకొచ్చి జనానికి శకునశాస్త్రం నేర్పాడు. ఎరెక్టా అంటే నిటారుగా నిలిచేది. మొక్క పుట్టిల్లు మాత్రం మెక్సికో. చేమంతి క్రిసాంథిమమ్, గ్రీకులో బంగారు పువ్వు. దాని పేరు మారి మళ్లీ పాతదే అయింది. మధ్యలో డెండ్రాంథిమా అని ఇరవై ముప్పై ఏళ్లు వాడి, తోటల పెంపకందార్లు గోల పెట్టాక 1999లో పాత పేరునే తిరిగి ఇచ్చారు. ఫోన్‌లో డెండ్రాంథిమా కనిపిస్తే టెన్షన్ పడకండి. నందివర్ధనం టాబర్నిమోంటానా డైవరికేటా, పదహారో శతాబ్దపు జర్మన్ వైద్యుడు టాబర్నిమోంటానస్ జ్ఞాపకం. డైవరికేటా అంటే కొమ్మలు విడివడి పరుచుకున్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఊరు, దేశం ఉన్న పేర్లను పిల్లలతో పుట్టిల్లు అని రాయించొద్దు. చింత పేరు టామరిండస్ ఇండికా. మొదటి మాట అరబ్బుల తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం. రెండో మాటా ఇండియాదే. రెండు మాటలూ మన దేశమే అంటున్నా చింత ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టు. పేరు పెట్టినవాళ్లకు అది ఇటు నుంచి అందింది, అందుకే అలా అనుకున్నారు.

మీ తోటి టీచర్ గారి మాటకు వస్తాను. బట్టీ వద్దు అన్న దాంట్లో ఆయన వైపే ఉంటాను. అర్థం తెలియకుండా యాభై పేర్లు అప్పజెప్పిన పిల్లకు ఒక్క మొక్క కూడా దగ్గర కాదు. కానీ మన పేర్లు చాలు అన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. తంగేడు అన్న ఒక్క మాటనే తీసుకోండి. తంగేడు ఉంది, నేల తంగేడు ఉంది, సీమ తంగేడు ఉంది, అడవిలో కొండ తంగేడు ఉంది. కొండ తంగేడు జైలియా జైలోకార్పా అనే పెద్ద కలప చెట్టు, సెన్నా ప్రజాతిది కాదు. మందు కోసం ఒకరు తంగేడు అని చెప్పి ఇంకొకరు ఇంకోటి తెస్తే ప్రమాదం. గునుగును గురుగు అనే వాడుక కూడా ఉంది, కాబట్టి ఒక మొక్కకు రెండు పేర్లు, ఒక పేరుకు నాలుగు మొక్కలు. ఏ మొక్క గురించి మాట్లాడుతున్నామో ఆదిలాబాద్ వాళ్లకూ అనంతపురం వాళ్లకూ జపాన్ వాళ్లకూ ఒకేలా తెలియాలంటే ఆ రెండు మాటల పేరు కావాల్సిందే. అందుకు పోటీగా మన పేరును పక్కన పెట్టాల్సిన పని లేదు.

ఆయనకు ఇంకో సంగతి కూడా చెప్పండి. శాస్త్రీయ నామాలు అన్నీ బయటి నుంచి వచ్చినవి కావు. ఇప్ప పేరు మధూకా లాంగిఫోలియా, మధూకం మన సంస్కృతం మాటే. లాంగిఫోలియా అంటే పొడుగు ఆకులది. అడవుల్లో సోమి చెట్టు ఉంటుంది కదా, ఎర్రటి గట్టి కలపది, దాని ప్రజాతి పేరు సోయ్‌మిడా. సోమిద అనే తెలుగు పేరులోంచే అది వచ్చింది. దాని రెండో మాట ఫెబ్రిఫ్యూగా, జ్వరాన్ని తరిమేది. దాని బెరడు జ్వరానికి పనిచేస్తుందని రాక్స్‌బర్గ్ రాశాడు. ఆయన 1793లో కలకత్తా వెళ్లక ముందు మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలు గీయించాడు. ఆ పుస్తకాల్లో చాలా మొక్కలకు ‘టెలింగా’ పేరు అంటూ మన పేర్లు పక్కనే ఇచ్చాడు. ఆయనకు ఆ పేర్లు చెప్పినవాళ్లు మన ఊళ్ల రైతులు, వైద్యులు, అడవి తిరిగేవాళ్లు అయి ఉంటారు. వాళ్ల పేర్లు అచ్చు కాలేదు, వాళ్లు చెప్పిన మాటలు మాత్రం మిగిలాయి. మీ ప్రదర్శనలో ఆ లోటు కొంత తీర్చవచ్చు. పువ్వు తెచ్చిన పిల్ల పేరు, దాని గురించి చెప్పిన పెద్దావిడ పేరు అట్ట మీద రాయండి.

అట్టల తయారీ ఇలా చేస్తే బాగుంటుంది. తెలుగు పేరు పైన, పెద్ద అక్షరాల్లో. మీ ఊళ్లో ఇంకో పేరు ఉంటే అదీ రాయండి. కింద శాస్త్రీయ నామం రోమన్ లిపిలో, మొదటి మాట మొదటి అక్షరం మాత్రమే పెద్దది, రెండో మాట మొత్తం చిన్న అక్షరాల్లో. చేత్తో రాస్తే రెండు మాటల కింద వేరువేరుగా గీత గీయాలి. దాని కింద పలకడానికి వీలుగా తెలుగు లిపిలో. సెలోసియా అన్నా సీలోషియా అన్నా తప్పు లేదు, దేశానికో రకంగా పలుకుతారు, పిల్లలను ఆ విషయంలో దిద్దుతూ కూర్చోవద్దు. అర్థం మాత్రం మీరు రాయించొద్దు. "ఈ పేరు ఈ మొక్కలో దేన్ని చూసింది?" అని ప్రశ్న రాసి, కింద ఖాళీ వదలండి. చూడడానికి వచ్చిన పిల్లలు చెవులు వెతికి, గింజ లెక్కపెట్టి, కంకి నలిపి, తోచింది ఆ ఖాళీలో రాయాలి. బ్యూటియా లాంటివి వచ్చినప్పుడు మొక్కలో ఏమీ దొరకదు, అదీ తెలుసుకోవాల్సిన విషయమే. మొక్కలో దొరికే పేర్లు, మనిషిని గుర్తు చేసే పేర్లు, ఊరు చెప్పే పేర్లు అని పిల్లలే వేరు చేసుకుంటారు.

పేర్లు మారతాయా అని ఎవరైనా అడిగితే మారతాయని చెప్పండి. మొక్క గురించి కొత్తగా తెలిసినప్పుడు మారతాయి, మనుషులను నొప్పించే మాట ఉన్నప్పుడూ మారతాయి. 2024లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సదస్సులో, ఆఫ్రికా నల్లజాతి వారిని కించపరిచే మాట నుంచి వచ్చిన కాఫ్రా అనే పదాన్ని ఆఫ్రా అని మార్చాలని ఓటు వేశారు. 200కు పైగా పేర్లు అలా మారాయి.

ఏ పేరైనా ఇప్పుడు చెల్లుతుందో లేదో చూసుకోవడానికి క్యూ తోటల వాళ్లు నడిపే ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’ ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు. పాత పేరు కొట్టినా ఇప్పటి పేరు చూపిస్తుంది. మొక్కనే గుర్తుపట్టలేకపోతే, ముఖ్యంగా గడ్డిపూలు, కట్లపూలు లాంటివి ఊరికో మొక్కను ఒకే పేరుతో పిలుస్తారు కాబట్టి, ఫోన్ ఫొటో ఒక్కటే నమ్మి పేరు రాయొద్దు. పువ్వు, ఆకు, కాయ ఉన్న కొమ్మను పాత పేపర్ మధ్య అదిమి ఎండబెట్టి, కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలోనో, దగ్గరి డిగ్రీ కాలేజీ లెక్చరర్ దగ్గరో చూపించండి. అది తేలే వరకు ఆ అట్ట మీద తెలుగు పేరు ఒక్కటే ఉండనివ్వండి.

ప్రదర్శన రోజున తంగేడు కొమ్మలు పొద్దున్నే తెప్పించి నీళ్లలో పెట్టండి, లేకపోతే మధ్యాహ్నానికి వాలిపోతాయి. ఆకు మొదట్లో చెవులు కనిపించేలా కొమ్మను తిప్పి పెట్టాలి. గునుగు ఒక రోజు ముందే తెచ్చి పెట్టుకోవచ్చు, నీళ్లు అక్కర్లేదు.